స్థానికుని మార్గదర్శిని: ఎదో నగర గ్రంథాలు, దత్తమండలాల కైఫీయతులు, ఆదోని – ఎమ్మిగనూరు క్షేత్రాలు

క్షేత్రాలను వర్ణించే రచనలు తెలుగులో చాలా కాలంగా ఉన్నాయి. స్థలపురాణం దేవుడు ఆ చోటికి ఎందుకు వచ్చాడో చెబుతుంది. యాత్రాచరిత్ర బయటి నుంచి వచ్చినవాడు అక్కడ ఏమి చూశాడో చెబుతుంది. 1830–31లో కాశీకి వెళ్లివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య రచన ఈ రెండవ కోవకు మేలైన ఉదాహరణ. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడు రాబోయే మనిషికి ఎప్పుడు రావాలో, ముందు ఎవరికి మొక్కాలో, కొండ మీద నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ కథను ఎంతవరకు చరిత్రగా తీసుకోవాలో చెప్పే రచన ఈ రెండింటికీ భిన్నమైనది. దానిని ఈ వ్యాసంలో ‘స్థానికుని మార్గదర్శిని’ అని వ్యవహరిస్తున్నాను. ఈ ప్రక్రియ జపానులో అచ్చు గ్రంథాలుగా విస్తరించింది. మన దగ్గర దానికి కావలసిన సామగ్రి అంతా కరణాల చేతుల మీదుగా కైఫీయతులలోకి చేరింది, కాని మార్గదర్శినిగా మారలేదు. ఆదోని, ఎమ్మిగనూరు పరిసర క్షేత్రాలను ఆధారంగా తీసుకొని, అటువంటి రచన ఇక్కడ వస్తే దాని క్రమం ఎలా ఉండాలన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ ప్రశ్న కేవలం ప్రక్రియకు సంబంధించినది కాదు. పశ్చిమ కర్నూలు ప్రాంతం పత్రికలలో ప్రధానంగా ఏడాదికి రెండుసార్లు కనబడుతుంది: వానలు రాని సంవత్సరం ఒకసారి, దసరా మరునాడు మరొకసారి. మొదటిది కరవు వార్త, రెండవది దేవరగట్టు కర్రల వార్త. ఈ రెండింటి నడుమ ఉన్న జీవితాన్ని చెప్పే బాధ్యత స్థానికులదే.

ఒకే కాలం, రెండు దారులు

జపాను భాషలో ‘మెయిషో’ అంటే పేరుపొందిన చోటు. ‘మెయిషో జుఎ’ అంటే అటువంటి చోట్లను బొమ్మలతో సహా వివరించే గ్రంథం. 1780లో అకిసతో రితో రచించిన ‘మియాకో మెయిషో జుఎ’ క్యోతో నగరాన్ని వర్ణించి విశేషమైన ఆదరణ పొందింది. 1799లో అదే రచయిత ఆ నగరపు తోటలకే ప్రత్యేకంగా ‘మియాకో రిన్సెన్ మెయిషో జుఎ’ను వెలువరించాడు. నేటి తోక్యోకు పూర్వనామమైన ఎదో నగరానికి ‘ఎదో మెయిషో జుఎ’ 1834, 1836 సంవత్సరాలలో 20 సంపుటాలుగా అచ్చయింది. దానిని మొదలుపెట్టినవాడు కందా అనే పేటకు పెద్ద. అతని కుమారుడు కొనసాగించాడు, మనుమడు సైతో గెష్షిన్ పూర్తిచేశాడు. మూడు తరాల ఆ కుటుంబం వృత్తి సాహిత్యం కాదు. పేట లెక్కలు చూడడం, తగవులు తీర్చడం, పై అధికారుల ఉత్తర్వులు జనానికి తెలపడం వారి పని. మన మాటలలో చెప్పాలంటే వారు రెడ్డి, కరణం బాధ్యతలు రెండూ నిర్వహించినవారు. గెష్షిన్ 1838లో ‘తోతో సైజికి’ అనే మరొక గ్రంథాన్ని ప్రకటించాడు. అందులో ఎదో నగరపు ఉత్సవాలు, మొక్కుబడులు, పూలు పూసే కాలాలు నెలల వారీగా, రోజుల వారీగా ఉంటాయి. స్థలాన్ని చెప్పే గ్రంథం ఒకటి, కాలాన్ని చెప్పే గ్రంథం ఒకటి. రెండింటినీ పేటపెద్దే రాశాడు.

దాదాపు అదే కాలంలో ఇక్కడ ఏమి జరుగుతున్నదో చూడవలసి ఉన్నది. 1800 అక్టోబరులో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలు అనే పేరు అప్పటిది. థామస్ మన్రో 1807 వరకు వీటికి ప్రధాన కలెక్టరు. 19వ శతాబ్ది తొలి దశకాలలో కాలిన్ మెకంజీ పర్యవేక్షణలో గ్రామ గ్రామాన వివరాలు సేకరించబడ్డాయి. కావలి సోదరులలో బొర్రయ్య 1803లో మరణించగా, లక్ష్మయ్య ఆ పనిని ముందుకు నడిపాడు. ఊరి కరణాలు తమ వద్ద ఉన్న దండకవిలెలను చూసి, పెద్దలను విచారించి కైఫీయతులు రాయించారు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, ఎవరెవరు ఏలారు, ఏ దేవుడికి ఎంత మాన్యం ఉన్నది, చెరువు ఎవరు కట్టించారు, తిరునాళ్లు ఎప్పుడు జరుగుతాయి వంటి సంగతులు వాటిలో ఉంటాయి.

ఎదో పేటపెద్ద రాసినవీ ఇటువంటి సంగతులే. భేదం చదివేవాడిలో ఉన్నది. సైతో కుటుంబం తమ నగరవాసి కోసం, తమ నగరానికి వచ్చే పల్లెవాసి కోసం రాసింది. కరణం సర్కారు కోసం రాశాడు. మాన్యం నిలుస్తుందా, పోతుందా అన్న భయం కూడా అతని కలంలో ఉండి ఉండవచ్చు. కైఫీయతు ఎంత స్థానికమైనదైనా దాని ముఖం కచేరీ వైపు తిరిగి ఉన్నది. అది మద్రాసుకు, లండనుకు పోయింది గాని పక్క ఊరికి పోలేదు. తరువాత సి.పి. బ్రౌను వాటికి నకళ్లు రాయించకపోతే మనకు దక్కిన భాగం ఇంకా తగ్గి ఉండేది. కైఫీయతులను చరిత్రకు ఆధారాలుగా చదవడం మన పరిశోధనలో బాగానే సాగింది. పక్క ఊరివాడికి దారి చెప్పగల వచనంగా వాటిని చదవడం అంతగా జరగలేదని నా అభిప్రాయం.

సరిహద్దు మాటలు

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురం జిల్లాకు చేరాయి. మిగిలిన బళ్లారి ప్రాంతంలో అధిక భాగం మైసూరుకు పోయింది. ఎమ్మిగనూరు, మంత్రాలయం నాడు ఆదోని తాలూకాలోని ఊళ్లే. దీని వల్ల ఒక చిక్కు వచ్చింది. పాత గెజిటీరు చదవదలచినవాడు బళ్లారి సంపుటం తెరవాలి. కొత్త జిల్లా చరిత్రలలో కర్నూలు, నంద్యాల, శ్రీశైలం, అహోబిలం గడిచిన తరువాతగాని ఆదోని రాదు.

మాటలకు మాత్రం ఆ గీత తెలియదు. జమ్మిచెట్టును ఇక్కడ ‘బన్ని’ అంటారు, అది కన్నడ పదం. మల్లన్నకు మొక్కుకొని గొంగడి కప్పుకొని తిరిగేవాడు గొరవయ్య. పండుగ నాడు పలికే భవిష్యవాణి కార్ణికం. పుష్య పౌర్ణమి కన్నడంలో బనద హుణ్ణిమె. కూలి పని కోసం ఊరు విడిచి పోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటల కాలం, కోతల సంబరం. సంబరాన్ని సూచించే మాట ఈ నేల మీద వలసకు పేరు కావడం గమనింపదగినది. తమ పొలంలో పంట లేనివాడు ఇతరుల పంట కోయడానికి గుంటూరు మిరపచేలకు, పత్తిచేలకు పోతున్నాడు. నిఘంటువులో అర్థం మారలేదు, మనిషి మారాడు.

భక్తి వాచకాలలో కలగలుపు ఇంకా గాఢమైనది. కౌతాళంలోని దర్గాలో కొలువైన సూఫీని జనం ఖాదర్‌లింగ స్వామి అంటారు. ‘ఖాదర్’ అరబీ, ‘లింగ’ శైవం, ‘స్వామి’ అందరిదీ. హొళగుంద మండలం ఎల్లార్తి దర్గా వలీలను తాతలు అని పిలుస్తారు. ఆదోని పట్టణంలో అవధూతగా పూజలందుకొనే మహాయోగి లక్ష్మమ్మ ‘అవ్వ’. ఉరుకుందలో వెలసినవాడు నరసింహస్వామి, కాని మొక్కుకొనేవారికి ఆయన ఈరన్న. వీరన్న అనే శైవ నామం నరసింహునికి అమరింది. అవ్వ, తాత, అన్న అనే బంధువాచకాలు మతభేదం లేకుండా దైవానికి అంటుకొనడం ఈ ప్రాంతపు భక్తి వ్యాకరణం. మార్గదర్శిని రాసేవాడు ‘ఈరన్న’ను ‘శ్రీ లక్ష్మీనరసింహస్వామివారు’ అని మాత్రమే రాసి ఊరుకుంటే, బస్సు స్టాండులో దారి అడిగిన యాత్రికుడికి అక్కరకు రాడు.

కోట: ఎక్కే క్రమం

ఆదోనిని పాత వ్రాతలలో ఆదవాని అన్నారు. పట్టణాన్ని ఆనుకొని ఉన్న రాతికొండల గుంపు మీద కోట ఉన్నది. బారాకిల్లా, తాళిబండ ఆ కొండలలో ముఖ్యమైనవి. విజయనగర కాలంలో ఇది పెద్ద దుర్గం. 1565 నాటి రక్కసితంగడి యుద్ధం తరువాత మూడేళ్లకు, 1568లో, బిజాపూరు ఆదిల్‌షాహీల వశమైంది. 17వ శతాబ్ది పూర్వార్ధంలో పాలకుడుగా ఉన్న మలిక్ రహమాన్ ఖాను సమాధి తాళిబండ మీద ఉన్నది. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో సిద్ది మసూద్ ఖాను ఇక్కడి అధిపతి. ఆఫ్రికా మూలాలున్న హబ్షీ సర్దారులలో ఆయన ఒకడు. బిజాపూరు రాజ్యానికి కొంతకాలం సర్వాధికారిగా ఉండి, ఆ రాజధాని రాజకీయాలు విడిచి ఆదోనికి చేరుకున్నాడు. పట్టణంలోని షాహీ జామియా మసీదు ఆయన కట్టించినదే. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగుకు కోట లొంగింది. మొగలులు దీనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరు జనం నోటికి ఎక్కలేదు.

లొంగుబాటు గురించి ఒక కథ ఉన్నది. కోట ఎంతకూ పడకపోగా, ఫిరోజ్ జంగు ఫిరంగులను మసీదు వైపు తిప్పించాడట. తాను ప్రాణప్రదంగా కట్టించుకొన్న మసీదు కూలిపోతుందని మసూద్ ఖాను కోట తలుపులు తెరిచాడట. ముట్టడి, లొంగుబాటు చారిత్రకం. లొంగుబాటుకు కారణం జనశ్రుతి. మార్గదర్శినికి రెండూ కావాలి, కాని రెండింటినీ ఒకే వాక్యంలో కుదించకూడదు. మసీదు ముందు నిలబడిన యాత్రికుడికి ఆ కథ చెప్పకపోతే కట్టడం సగమే కనిపిస్తుంది. కథను చరిత్రగా చెబితే చరిత్ర సగమే మిగులుతుంది. ‘అట’ అనే చిన్న మాట తెలుగులో ఈ పనిని చక్కగా చేస్తుంది. కరణాల వచనంలో ఇటువంటి మాటలు ఎక్కడ వస్తాయో, ఎక్కడ రావో పరిశీలిస్తే వారు దేనిని స్వయంగా ఎరుగుదురో, దేనిని విన్నారో తేలుతుంది.

తరువాతి శతాబ్దిలో నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగుకు ఆదోని జాగీరు అయింది. ఆయన 1782లో మరణించాడు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోటను పట్టుకొని గోడలను పడగొట్టించాడు. నేడు కొండ ఎక్కేవాడు చూసే శిథిలాలకు కాలంతో పాటు ఆ ఉత్తర్వు కూడా కారణం. ఇక్కడ కూలిన గోడను కూడా ఒక సంవత్సరంతో చదవవచ్చు.

కొండ సగం ఎక్కిన చోట రాతి నడుమ ఒక కోనేరు ఉన్నది. అందులో నీరు ఎండదని ప్రతీతి. నా దృష్టిలో కోటలో అన్నిటికంటె ముఖ్యమైన స్థలం అది. బురుజు ఎంత ఎత్తైనా నీరు లేని దుర్గం నెల రోజులు నిలవదు. ఇన్ని రాజ్యాలు ఈ కొండ కోసం పోరాడిన కారణాలలో నీటిది మొదటి వరుస. కింద రాంజల ఉన్నది. రణమండల కొండ మీద ఆంజనేయస్వామి ఉన్నాడు. మసీదు, ఆంజనేయుడు, అవ్వ గుడి ఒకే రోజున కాలినడకన చూసి రాగల దూరంలో ఉన్నాయి.

తోట అనే మాటకు ఇక్కడి అర్థం

క్యోతో తోటలకు ఒక గ్రంథమే ఉన్నదని పైన చూశాము. ఆదోని పక్కన ఆ అధ్యాయాన్ని ఎలా రాయాలి? వాన తక్కువైన నల్లరేగడి నేలలో, ఎర్ర చల్కలలో కంటి వేడుకకు పెంచిన వనాలను వెతకడం వృథా ప్రయాస. ఇక్కడ తోట కంటె ముందు చెరువు వచ్చింది. ఆ మాటకు రాతి సాక్ష్యం ఉన్నది. ఆదోని తాలూకాలో చిన్నకడబూరు సమీపాన మ్యాకదోని వద్ద ఒక బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఒక శాసనం ఉన్నది. శాతవాహన వంశపు చివరి రాజులలో ఒకడైన సిరి పులుమావి 8వ పాలనా సంవత్సరం నాటిది అది. మహాసేనాపతి ఖందనాగుని అధీనంలో ఉన్న శాతవాహనిహార జనపదంలో, గుమిక కుమారదత్తునికి చెందిన వేపురక అనే గ్రామంలో నివసించే ఒక గృహపతి చెరువు తవ్వించినట్లు అందులో ఉన్నది. చెరువు తవ్వించినవాడు రాజు కాడు, సేనాపతి కాడు, ఒక గృహస్థుడు. వేపురక అన్న పేరు చూడగానే ‘వేప’ మెదలుతుంది. అయితే ఒక్క పేరును పట్టుకొని వ్యుత్పత్తిని నిర్ణయించడం సాహసమవుతుంది.

కాబట్టి ఈ మార్గదర్శినిలో తోటల అధ్యాయం నీటి అధ్యాయం కావాలి. మ్యాకదోని చెరువు నుంచి మొదలై, కొండ మీది కోనేరు, తుంగభద్ర రేవులు, హంద్రీ నది మీద దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్న గాజులదిన్నె జలాశయం, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పొలాలను తడిపే తుంగభద్ర దిగువ కాలువ వరకు అది రావాలి. కాలువకు చివరి ఆయకట్టులో నీరు అందుతుందా లేదా అన్నది ఇక్కడ ప్రతి ఏటి ప్రశ్న. ఆ ప్రశ్నను దాటవేసి పచ్చదనాన్ని వర్ణించే మార్గదర్శిని స్థానికుడిది కాదు.

చెట్టు మరొక రకమైన తోట. దేవరగట్టు వద్ద జమ్మి, చాలా ఊళ్లలో రచ్చబండ వద్ద జంటగా పెరిగిన రావి, వేప. ఒంటి చెట్టు చుట్టూ కట్ట కట్టి, నీడను అందరిదిగా చేసిన ఏర్పాటు అది. మోమిజి ఆకు ఎర్రబడే వారాన్ని క్యోతో గ్రంథాలు చెప్పినట్లు, ఇక్కడ చెప్పవలసినది వేప పూత వచ్చే పక్షం. అది ఉగాదికి ముందు వస్తుంది.

తిథిని పట్టుకొని

ఉగాది మరునాడు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామికి, కాళికమ్మకు నడుమ పుట్టిన ప్రణయ కలహానికి ఊరు రెండు పక్షాలై పిడకలు విసురుకుంటుంది. తరువాత ఆ కలహం కల్యాణంగా ముగుస్తుంది. సుగ్గికి పోయిన కుటుంబాలు చాలావరకు ఉగాది నాటికి ఊరు చేరుకుంటాయి. వాడుకలో ఇది వేడుక పండుగ; దీనికి ఇంతకు మించిన వ్యాఖ్య అవసరం లేదు.

శ్రావణం ఈ ప్రాంతానికి పెద్ద మాసం. ఉరుకుంద ఈరన్న దర్శనానికి కర్ణాటక నుంచి సైతం జనం వస్తారు. శ్రావణ బహుళ విదియ మంత్రాలయ రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన తిథి, సంవత్సరం 1671. ముందురోజు పూర్వారాధన, ఆ నాడు మధ్యారాధన, మరునాడు ఉత్తరారాధన. యాత్రికుడు ముందు గ్రామదేవత మంచాలమ్మను దర్శించి, ఆ తరువాత బృందావనానికి వెళ్లాలన్నది ఆచారం. ఊరి పాత పేరు మంచాల, ఆ పేరు ఆమెది. పీఠం వచ్చిన తరువాత కూడా మొదటి మొక్కు ఊరి అమ్మకే చెల్లుతున్నది. ఇది రాతిలో చెక్కి ఉన్న విషయం కాదు, అడుగుల క్రమంలో నిలిచి ఉన్న చరిత్ర. స్థానికుడు చెబితేనే తెలిసేది.

మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చినవాడు ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాను అని సంప్రదాయం. చదువు రాని వెంకన్న అనే కుర్రవాడు స్వామి అనుగ్రహంతో నవాబుకు వచ్చిన లేఖను చదివి దివాను అయ్యాడట. నవాబు పరీక్షించడానికి పళ్లెంలో మాంసం కప్పి తెస్తే అది ఫలపుష్పాలుగా మారిందట. ఒకటిన్నర శతాబ్దం దాటకముందే మరొక కథ చేరింది. మాన్యం విచారణకు వచ్చిన మన్రోకు స్వామి బృందావనం నుంచి కనిపించి మాట్లాడాడట. రెండు కథలూ మాన్యాన్ని గూర్చినవే కావడం యాదృచ్ఛికం కాదు. పాలకుడు మారినప్పుడల్లా మాన్యానికి కొత్త సాక్ష్యం కావాలి. నవాబు పోయి కంపెనీ వచ్చినప్పుడు సాక్షి కూడా మారాడు. భక్తుల విశ్వాసానికి ఈ పరిశీలన అడ్డు కాదు. కథ ఏ కాలంలో ఏ పని చేసిందో చెప్పడమే పరిశోధన పని.

కార్తిక శుద్ధ దశమి నాడు చిప్పగిరిలో విజయదాసుల ఆరాధన. 1755లో దేహం చాలించిన ఈ హరిదాసు పాటలన్నీ కన్నడం. తెలుగు సాహిత్య చరిత్రలు ఆయనను తలచవు, కన్నడ సాహిత్య చరిత్రలు చిప్పగిరిని నేడు ఇతర రాష్ట్రపు ఊరుగా చూస్తాయి. అదే ఊరి కొండ మీద జైన బసది ఉన్నది. ఆదోని మండలంలోని పెద్దతుంబళం కూడా జైన, శైవ అవశేషాలు కలగలిసిన పాత ఊరు. ఇటువంటి చోట్లకు ఉత్సవం కంటె ఓపిక గల చదువరి అవసరం.

దేవరగట్టు

విజయదశమి రాత్రి దేవరగట్టులో జరిగేది విడిగా చూడవలసి ఉన్నది. హొళగుంద మండలంలోని ఈ గట్టు మీద మాళ మల్లేశ్వరస్వామి కొలువు. మణి, మల్లుడు అనే రాక్షసులను శివుడు భైరవరూపంలో ఇక్కడ సంహరించాడని కథ. మణిమల్లుల వధ మహారాష్ట్రలో ఖండోబా కథ, బళ్లారి సీమలో మైలారలింగని కథ. మైలారలోనూ కార్ణికం ఉన్నది, గొరవలు ఉన్నారు. కాబట్టి దేవరగట్టు ఒంటరి వింత కాదు, జేజూరి నుంచి తుంగభద్ర దాకా పాకిన పశుపాలక దైవారాధన గొలుసులో ఒక కడియం. అర్ధరాత్రి కల్యాణం తరువాత ఉత్సవమూర్తులతో నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్తులు గట్టు దిగుతారు. అరికెర మొదలైన ఇతర గ్రామాలవారు మూర్తులను తమ వశం చేసుకోవడానికి ఎదురవుతారు. దివిటీలు, కర్రలు. రక్షపడ వద్ద గొరవయ్య తన రక్తాన్ని రాక్షసుల పేర అర్పిస్తాడు. ఊరేగింపు బన్ని చెట్టు వద్దకు, అక్కడి నుంచి బసవన్న గుడి వద్దకు చేరుతుంది. కార్ణికం పలుకుతారు. తెల్లవారే సరికి మూర్తులు గట్టుకు తిరిగి చేరుతాయి.

పత్రికలు దీనిని ‘కర్రల సమరం’ అంటాయి. స్థానికులు ‘బన్ని’ అంటారు. ఒక పేరులో చెట్టు ఉన్నది, మరొక పేరులో కర్ర ఉన్నది. పేరు మారినందువల్ల పండుగ కేంద్రం మారింది. కార్ణికం ఏమి పలికిందో, ఏ ధర పెరుగుతుందన్నదో, వాన ఎలా ఉంటుందన్నదో వార్తలో చివరి పంక్తికి పోయింది. గాయపడినవారి సంఖ్య శీర్షికకు వచ్చింది.

అలాగని గాయాలను దాచడం స్థానికాభిమానం అనిపించుకోదు. ప్రతి ఏటా తలలు పగులుతున్నాయి, ప్రాణాలు పోయిన సంవత్సరాలున్నాయి. పసుపు అద్దుకొని మళ్లీ గుంపులోకి వెళ్లేవారున్నారు. పోలీసులు ముందుగా గ్రామాలలో సభలు పెట్టి, కర్రలు స్వాధీనం చేసుకొని, వైద్యశిబిరాలు పెట్టినా ఆ రాత్రి ఆగలేదు. జపానులో హిమేజీ సమీపాన అక్టోబరు 14, 15 తేదీలలో జరిగే నదా ‘కెంకా మత్సురి’ పేరుకే కలహోత్సవం. పల్లకీలను ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తారు, అక్కడా గాయాలు తప్పవు. అయితే చూసేవారికి కొండవాలున మెట్టు మెట్టుగా చోటు ఉన్నది, మోసేవారి వలయం వేరుగా ఉన్నది. ఆ విభజనను స్థానికులే ఏర్పరచుకొని పాటిస్తున్నారు. దేవరగట్టులో చీకటిలో చూసేవాడెవడో, పట్టేవాడెవడో తెలియదు. మద్యం, తోసుకురావడం, చీకటి కలిసి చేసే నష్టం ఆచారంలోని భాగం కాదు. మార్గదర్శిని రాసేవాడు ఇక్కడ పర్యాటకుడిని పిలవకూడదని నా అభిప్రాయం. పగటి పూట గట్టు ఎక్కి మల్లేశ్వరుని, బన్ని చెట్టును చూడమని చెప్పాలి. రాత్రి ఎవరిదో వారికి తెలుసు.

ఎమ్మిగనూరు

ఎమ్మిగనూరుకు ప్రసిద్ధి రెండు విధాల వచ్చింది: మగ్గం, జాతర. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఈ ఊరి దుప్పట్లను, పరదాలను దూరదేశాలకు పంపింది. ఆయనకు 1954లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆదోని పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరు మగ్గం పక్కపక్కన ఉండడం వల్ల ఈ సీమకు గింజ నుంచి గుడ్డ దాకా ఒక వరుస ఏర్పడింది. చారిత్రక స్థలం అంటే కోటలు, గుడులు మాత్రమే అనుకొనే అలవాటు వల్ల నేత సంఘం భవనాలు మన పట్టికలలోకి రావడం లేదు. గుంట మగ్గం ఉన్న ఇల్లు కూడా చూడదగిన స్థలమే. ఇంటివారి అనుమతి అడిగి మాత్రమే చూడాలని మార్గదర్శిని చెప్పాలి.

నీలకంఠేశ్వరస్వామి మహారథోత్సవం పుష్య పౌర్ణమి నాడు. జాతరతో పాటు పశువుల సంత సాగుతుంది. వానకాలపు పంట ఇంటికి చేరి, రాబోయే సాగుకు ఎద్దులను మార్చుకొనే అదను అది. గుడికి వచ్చేవాడు, ఎద్దును చూసేవాడు, సంబంధం మాట్లాడుకొనేవాడు ఒకే మనిషి. దేవుడి కోసం తేరు, తేరు కోసం జనం, జనం కోసం సంత అని ఈ ఏర్పాటును ఒక వైపు నుంచి చెప్పవచ్చు; సంత నుంచి మొదలుపెట్టి వెనక్కి కూడా చెప్పవచ్చు.

తేదీ విషయంలో జపాను అనుభవం ఒకటి పనికివస్తుంది. 1873లో ఆ దేశం సౌరమాన పంచాంగానికి మారింది. గెష్షిన్ గ్రంథంలోని రోజులన్నీ ఒక్కసారిగా పాతబడ్డాయి. పితృదేవతల పండుగ బోన్‌ను కొన్ని ఊళ్లు జూలైకి, మరికొన్ని ఆగస్టుకు మార్చుకున్నాయి. ఇంగ్లీషు తేదీ స్థిరపడింది, పౌర్ణమితో సంబంధం సడలింది. మన ఊళ్లు తిథిని విడువలేదు. అందువల్ల ఎమ్మిగనూరు తేరు 2024లో జనవరి 25న వచ్చింది, 2025లో జనవరి 13న వచ్చింది. కౌతాళం, ఎల్లార్తి ఉరుసులు, ఊరూరి పీర్ల పండుగ చాంద్రమాన హిజ్రీని అనుసరించి ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. మొహర్రం కొన్నేళ్లు శ్రావణంలో, మరికొన్నేళ్లు చైత్రంలో వస్తుంది. శ్రావణంలో వచ్చినప్పుడు ఒకే వారంలో పీర్లచావిడి, ఈరన్న ఉత్సవం రెండూ జరుగుతాయి. బెంగళూరులో మేస్త్రీ దగ్గర, గుంటూరులో రైతు దగ్గర సెలవు అడిగేవాడికి తిథి చాలదు, తేదీ కావాలి. ఊళ్లోని ముసలివారికి తేదీ చాలదు, తిథి కావాలి. రాయదలచిన మార్గదర్శినిలో మొదటి పుట ఈ రెండు నిలువు గళ్లతో, ఏటేటా మార్చి వేయవలసిన పట్టికగా ఉండాలి. ఆ పట్టికను తయారుచేయడానికి కావలసిన వివరాలు నేటికీ పూజారుల వద్ద, ముజావర్ల వద్ద, గొరవయ్యల వద్ద ఉన్నాయి. వాటిని రాసుకొనేవాడు ఈసారి కచేరీ వైపు గాక, బస్సు స్టాండు వైపు తిరిగి కూర్చోవాలి.